గులకరాళ్ళు తేలిన దారి

నాంపల్లి,
5 మే 2025

తమ్ముడు రూఫస్‌కు,

ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు, పని ఉండి రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే మీ అబ్బాయి జెస్విన్ డ్యూటీ నుంచి వచ్చి చూపించేదాకా నువ్వు చూడవు. అదీగాక నేను ఫోన్‌లో మాట్లాడితే మీ బావ వింటారు. కళ్ళు పోతున్నకొద్దీ ఆయనవి పాముచెవులైపోయాయి.

ఆయన నీటికాసుల సంగతి నీకు తెలుసు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఇప్పుడు వెలుతురూ నీడా తెలుస్తాయి. ఎదురుగా నిలబడితే మనిషని తెలుస్తుంది, ఎవరో తెలియదు. నీకు తెలియనిది ఇంకొకటుంది. పోయిన సెప్టెంబరు వానల్లో పేపరు తెచ్చుకుందామని గేటు దగ్గరకు వెళ్తూ ముంగిట్లో షాబాదు బండల మీద జారిపడ్డారు. మణికట్టు విరిగింది. నీకు రాయొద్దన్నారు, రాయలేదు. కట్టు ఆరు వారాలకు తీశారు. చేయి బాగైంది గాని, ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఆయన వరండా మెట్టు దిగలేదు. ఎనిమిది నెలలు.

వరండా నుంచి గేటుకు పదిహేడు అడుగులు. నలభై ఏళ్ళు అబిడ్స్‌లో ప్రెస్సుకు నడిచివెళ్ళి నడిచివచ్చిన మనిషికి ఇప్పుడు ఆ పదిహేడు అడుగులు లేవు. పేపరు నేనే తెస్తున్నాను. గేటు గొళ్ళెం చప్పుడైతే కుర్చీలో ముందుకు వంగుతారు, మళ్ళీ వెనక్కి ఆనుకుంటారు. అది చూడడం నాకు కష్టంగా ఉంది రూఫస్. చేయి పట్టుకుని తీసుకెళ్తానంటే "ఇప్పుడెందుకు తియ్యి, ఎండ గొడ్తుంది" అంటారు. డిసెంబరులో కూడా ఎండేనట.

మొన్న పెన్షను కాగితం పనిమీద బషీర్‌బాగ్ వెళ్ళాను. అక్కడొక ఆఫీసు ముందు ఏటవాలుగా దారి పోశారు. చిన్నచిన్న గులకరాళ్ళు సిమెంటులోంచి సగం పైకి తేలి ఉన్నాయి. చెప్పులు విడిచి దాని మీద అటూ ఇటూ నడిచాను. వాచ్‌మన్ వచ్చి "ఏందమ్మా, చెప్పు తెగిందా?" అన్నాడు. ఔనన్నాను. అరికాలికి ఒక్కో రాయీ తెలుస్తోంది, కానీ గుచ్చుకోవడం లేదు. కళ్ళు మూసుకుని మామూలు నేల మీదికి దిగాను. తేడా కాలికి ఇట్టే తెలిసిపోయింది.

నా ఆలోచన నీకు అర్థమయ్యే ఉంటుంది. మెట్టు నుంచి గేటుదాకా అలాంటి దారి పోయిస్తే, కాలికింద రాళ్ళు తగిలినంతసేపు దారిలో ఉన్నట్టు. తగలకపోతే పక్కకు పోయినట్టు. నా చేయి అక్కర్లేదు. మా పిల్ల తబిత సికిందరాబాద్ నుంచి టైల్స్ ఫోటోలు పంపుతోంది, ఒక్కోటి అద్దంలా మెరుస్తోంది. బతుకంతా నేల నున్నగా ఉండాలని తోమితోమి చచ్చాను, ఇప్పుడు గరుకు కావాలని వెతుక్కుంటున్నాను.

దాన్నేమంటారు? మన మేస్త్రీలకు వచ్చా? వానలు ముదిరేలోపు కావాలి. నువ్వు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసింది నాకు ఎప్పుడైనా పనికొస్తే ఇప్పుడే రావాలి.

మీ అక్క
సుగుణమణి

* * *

మెదక్,
12 మే 2025

అక్కకు,

నీ ఉత్తరం శనివారం అందింది. బావ పడ్డ సంగతి ఎనిమిది నెలలు దాచావు. దాని గురించి ఇప్పుడు రాయను, రాస్తే ఉత్తరమంతా అదే అవుతుంది.

నువ్వు చూసినదాన్ని మా డిపార్ట్‌మెంటులో ఎక్స్‌పోజ్డ్ అగ్రిగేట్ అనేవాళ్ళు. మాయేమీ లేదు, మామూలు కాంక్రీటే. పోసిన తర్వాత, పూర్తిగా గట్టిపడకముందు, పైనున్న సిమెంటు పొరను బ్రష్షుతో రుద్ది కడిగేస్తే లోపలి రాళ్ళు బయటపడతాయి. చెప్పడానికి తేలిక. తొందరపడి కడిగితే రాళ్ళు ఊడి చేతికొస్తాయి. ఆలస్యమైతే సిమెంటు రాయిని వదలదు. ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో దీన్ని సరిగ్గా చేసిన మేస్త్రీలను ఇద్దర్నే చూశాను. ఇద్దరూ ఇప్పుడు లేరు.

కాబట్టి వద్దని నా సలహా. ఆ బండలు నాన్న వేసినవి. నేను పదో తరగతి సెలవుల్లో సున్నం కలిపి అందించాను. ఒక్కటి కూడా ఇప్పటికీ కుంగలేదు. జారడం బండ తప్పు కాదు, పాచి తప్పు. బ్లీచింగ్ చల్లి తోమించు. ఉలితో గంట్లు పెట్టించు. ఒక పక్కన ఇనుప పైపు పట్టుగా వేయించు. ఇవన్నీ అయ్యాక కూడా భయముంటే నువ్వే చేయిపట్టుకుని నడిపించు, ఆయన కాదన్నా సరే.

కొత్తది ఏది కనబడినా మనింట్లో ఉండాలనుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇల్లు నాన్న నీకు ఇచ్చాడు, నీ ఇష్టం. అడిగావు గనక చెప్పాను.

రూఫస్

* * *

నాంపల్లి,
17 మే 2025

రూఫస్‌కు,

నీ ఉత్తరం వరండాలో కూర్చుని చదివాను. మీ బావ "బామ్మర్ది ఏమంటుండు?" అని అడిగారు. అందర్నీ అడిగాడన్నాను. నువ్వు ఎవర్నీ అడగలేదు.

బ్లీచింగ్ అయింది. వారానికోసారి నేనే మోకాళ్ళ మీద కూర్చుని తోమాను. గంట్లు కూడా ఫిబ్రవరిలోనే పెట్టించాను. షాబాదు బండ పొరలు పొరలుగా ఉంటుందని నాకంటే నీకే బాగా తెలియాలి. ఉలి తగిలినచోటల్లా పెచ్చులు లేచాయి. ఇప్పుడు జారడంతోపాటు తట్టుకోవడం కూడా వచ్చింది.

ఇక చేయి పట్టుకోవడం. నేను ముప్పై ఏళ్ళు దవాఖానలో నర్సుగా చేశాను రూఫస్. ఎంతోమందిని చేయిపట్టి నడిపించాను. పట్టుకున్న చేతిలో మనిషి ఎలా బరువెక్కుతాడో నాకు తెలుసు. ఒకసారి అలవాటైతే ఇక తన కాళ్ళను తాను నమ్మడు. మీ బావకు అది తెలుసు. అందుకే నా చేయి తీసుకోరు. నడవడం మానేశారు గాని, నా చేయి మాత్రం తీసుకోరు.

నేను కొత్తదానికి మోజుపడి అడగలేదు. నాన్న బండలమీద నీకున్నంత ప్రేమ నాకూ ఉంది. కానీ నాన్న వాటిని మనం నడవడానికి వేశాడు, నడవడం మానేసి చూసుకోవడానికి కాదు. "ఇల్లు నీకు ఇచ్చాడు" అని ఎందుకు రాశావో నాకు తెలుసు. పాతికేళ్ళుగా ఆ మాట నీ గొంతులో ఉంది. ఇన్నాళ్ళకు సిమెంటు గురించి అడిగితే బయటికొచ్చింది.

నీ సాయం అక్కర్లేదు. అంజన్ అని మేస్త్రీ ఉన్నాడు, ఈ సందులోనే రెండిళ్ళు కట్టాడు. ఇది ఎప్పుడూ చేయలేదట. నేర్చుకుంటానన్నాడు. ఆ మాత్రం మాట నీనుంచి కూడా వస్తుందనుకున్నాను.

సుగుణమణి

* * *

నాంపల్లి,
28 మే 2025

రూఫస్‌కు,

ఇవాళ పొద్దున కార్గో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, మెదక్ నుంచి మీ పేర రెండు బస్తాలు వచ్చాయి, తీసుకుపొమ్మని. బియ్యమేమో, నీ కోపం తగ్గిందేమో అనుకుని ఆటోలో వెళ్ళాను. ఆటోవాడు ఎత్తలేక "ఏముంది అమ్మా గిండ్ల, బంగారమా?" అన్నాడు. ఇంటికొచ్చి మూతి విప్పితే రాళ్ళు. చీటీ లేదు, మాట లేదు. రాళ్ళు.

నా మాటకు నువ్విచ్చిన జవాబు ఇదే అనుకుంటే, చాలా కష్టపడి ఇచ్చావు. నేను రాసింది కొంచెం ఘాటుగానే ఉందని ఒప్పుకుంటాను. ఇల్లు సంగతి ఎత్తకుండా ఉండాల్సింది. కానీ అరవై రెండేళ్ళ చర్చి సంఘపెద్ద అక్క మీద కోపంతో రెండు బస్తాల రాళ్ళు మూటగట్టి, ఛార్జీ కట్టి మరీ పంపుతాడని నేను అనుకోలేదు. మీ బావ చేయి పెట్టి చూసి "మంచి రాళ్ళే సుగుణా, అన్ని ఒక్క తీరుగున్నయ్" అన్నారు. ఆయనకు నవ్వులాటగా ఉంది.

ఇక్కడిదాకా రాసేసరికి పోస్ట్‌మన్ వచ్చాడు. నీ ఇరవైఆరో తారీఖు ఉత్తరం ఇప్పుడే చదివాను. పైదంతా చింపేద్దామనుకున్నాను. కానీ నీకు కూడా కొంచెం నవ్వు రావాలి కదా, అలాగే పంపుతున్నాను. నన్ను క్షమించు.

మంజీర ఒడ్డున మీ ఊరాయన ఎవరిదో తోటలో బావి తవ్వినప్పుడు తీసి పోసిన గుట్ట అని రాశావు. మరి వారం రోజులు జల్లెడ పట్టి, కొలిచి, పదునైనవన్నీ ఏరి పారేసి, కడిగి ఆరబెట్టడం దేనికి? నీ నడుము సంగతి నాకు తెలియదా? "బావ ఒట్టి కాళ్ళతో నడుస్తాడు, క్రషర్ కంకరయితే గుచ్చుకుంటుంది, ఏటి రాయి గుండ్రంగా ఉంటుంది" అని రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు.

ఇది రాస్తుండగానే అంజన్ వస్తే చూపించాను. ఉత్తరంలో నువ్వు గీసిన బొమ్మ జేబులో పెట్టుకుని పోయాడు. మిగతాది వివరంగా రాయి, ముఖ్యంగా కడిగే సంగతి.

నీ
అక్క

* * *

మెదక్,
12 జూన్ 2025

అక్కకు,

నవ్వాను. జెస్విన్ లోపలి నుంచి వచ్చి ఏమైందని చేత్తో సైగ చేశాడు. ఉత్తరం ఇచ్చాను, వాడు కూడా నవ్వాడు.

కోపంలో రాసినదానికి జవాబుగా రాళ్ళు పంపలేదు. నువ్వు చెప్పింది నిజమని తెలిసినప్పుడు వెంటనే ఔనని రాయడం నాకు చేతకాదు. అందుకని జల్లెడ పట్టాను. ఇల్లు సంగతి ఇక రాయను, నువ్వూ రాయకు. నాన్న నీకు ఇచ్చింది ఎందుకంటే ఆయన్ని ఆఖర్న చూసుకుంది నువ్వే. అది నాకు అప్పుడే తెలుసు.

ఇక పని. కింద మట్టి బాగా దిమ్మిస కొట్టాలి. నాలుగంగుళాల మందం. పక్కకు కొంచెం వాలు ఉండాలి, లేకపోతే నీళ్ళు నిలిచి మళ్ళీ పాచే. కాంక్రీటు పోసి చదును చేశాక రాళ్ళు ఒత్తుగా చల్లి, చెక్కతో అదిమి, పైన పలుచగా సిమెంటు పాలు కప్పేలా చేయమను. మెరుపు రావడానికని పైన వార్నిష్ లాంటిది పూస్తానంటాడు. ఒప్పుకోకు, తడిస్తే జారుతుంది.

అంజన్‌కు అనుభవం లేదు గనక ఒక ఉపాయం. చదును చేసిన వెంటనే చిక్కటి చక్కెర నీళ్ళు పైన సమంగా చల్లి, ప్లాస్టిక్ పట్టా కప్పేయండి. చక్కెర తగిలితే సిమెంటు పైపొర తొందరగా బిగుసుకోదు, లోపలిది మాత్రం బిగుస్తుంది. ఈ వాతావరణానికి పదహారు గంటలు టైమిస్తుంది. సాయంత్రం పోస్తే పొద్దున కడుక్కోవచ్చు. పదహారు దాటితే మాత్రం ఎంత రుద్దినా ఒక్క రాయి కూడా పైకి రాదు, పగలగొట్టి మళ్ళీ పోసుకోవాల్సిందే. ఇది గుర్తుంచుకో.

నాన్న బండలు ఏంచేస్తావో రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడి సంగతి ఒకటి. మా సంఘంలో భానుతేజ అని ఒకాయన ఆదివారం పూట ఇంటికి రంగులు వేయించుకున్నాడు. పెద్దగా నేనే వెళ్ళి మందలించాల్సి వచ్చింది. మనింట్లో నాన్న శనివారం సాయంత్రమే తాపీ కడిగి కిటికీలో బోర్లించేవాడని, మళ్ళీ సోమవారందాకా ముట్టేవాడు కాదని చెప్పాను. తలొంచుకుని విన్నాడు. ఈ కాలంలో ఆ మాత్రం వినడమే గొప్ప.

రూఫస్

* * *

మెదక్,
28 జూలై 2025

అక్కకు,

ఆరు వారాలు దాటింది నేను నీకు రాసి. దారి అయిపోయిందని, బాగుందని తబిత జెస్విన్‌కు మెసేజ్ పెట్టిందట. నువ్వు మాత్రం రాయలేదు.

బండల సంగతి అడగడం తప్పయిందేమో అనుకుంటున్నాను. ఊరికే అడిగాను అంటే ఊరికే అడిగానని అర్థం. అమ్మేసినా, ఎవరికైనా ఇచ్చేసినా నాకేమీ బాధ లేదు. లేదా నేను చెప్పిన లెక్కలో ఏదైనా తప్పు దొర్లి, నాకు చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నావా? అది అయితే ఇంకా ముందు చెప్పాలి.

బావ నడుస్తున్నాడా? ఆ ఒక్క మాట రాయి. మిగతాది తర్వాత తిట్టొచ్చు.

రూఫస్

* * *

నాంపల్లి,
2 ఆగస్టు 2025

తమ్ముడికి,

బండల సంగతి కాదు. అవి భద్రంగా పెరట్లో బట్టలుతికే చోట వేయించాను. నీ లెక్కలోనూ తప్పు లేదు. రాయకపోవడానికి కారణం వేరే ఉంది, నీకు చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఇప్పుడు కూడా ఏం అనుకుంటావో అని భయపడుతూనే రాస్తున్నాను.

అంజన్‌కు వేరే చోట పని తెగక, మధ్యలో వానలు పట్టి, జూలై పంతొమ్మిదిదాకా కుదరలేదు, పని అయ్యాకే రాద్దామని ఆగాను. ఆ రోజు ఆకాశం తెరిపిచ్చింది. మధ్యాహ్నం మొదలుపెట్టి నాలుగింటికల్లా పోయడం, రాళ్ళు అదమడం అయిపోయింది. బకెట్లో చక్కెర నీళ్ళు కలుపుతుంటే అంజన్ నన్ను వింతగా చూశాడు. "గిదేంది అమ్మా, సిమెంట్ల చక్కెర వోసుడు? చాయ్ వెడ్తున్నమా?" అన్నాడు. మా తమ్ముడు చెప్పాడన్నాను. "గట్లయితే పొయ్యున్రి" అని చల్లాడు. ఉస్మాన్‌గంజ్ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ పట్టా కప్పాం. వెళ్తూ వెళ్తూ, "రేపు మా ఇంట్ల బోనాలు. సోమవారం పొద్దుగాల్నే వచ్చి కడుగుత, జర పిల్లుల్ని రానియ్యకున్రి" అన్నాడు.

మంచిదే అన్నాను. ఎందుకన్నానో విను. మర్నాడు ఆదివారం. ఆదివారం మనింట్లో పని జరగదు. ఆ రోజు అతను రానంటేనే నాకు నిశ్చింతగా అనిపించింది. రానని తనే చెప్పడంతో, రావద్దని చెప్పే పని నాకు తప్పిందనుకున్నాను. గంటలు లెక్కపెట్టలేదు. నువ్వూ లెక్కపెట్టి రాశావుగాని, ఏ రోజు పోయాలో రాయలేదు. మనిద్దరం నాన్న పిల్లలమే, ఆదివారం అనేది మన లెక్కల్లోకి రాదు.

ఆదివారం తెల్లవారి లేచి స్నానం చేసి, ఆరాధనకు తెల్లచీర కట్టుకున్నాను. ఆ రోజు ప్రభు భోజన సంస్కారం కూడా ఉంది. బైబిలు తీసుకుంటే నీ ఉత్తరం అందులోంచి జారింది. మళ్ళీ చదివాను. నాలుగింటి నుంచి పదహారు గంటలు. అంటే ఎనిమిది. గడియారంలో ఆరుంపావు అయింది. అంజన్‌కు ఫోన్ చేశాను, తీయలేదు. ఇంట్లో బోనం ఎత్తే రోజున ఫోన్ ఎవరు తీస్తారు? తీసినా ఎట్లా రమ్మంటాను?

మెట్టు మీద కూలబడ్డాను. నాన్న ఇల్లు కట్టినప్పటి నుంచి ఆదివారం ఇక్కడ మేకు కూడా కొట్టలేదు. మరోవైపు ఇది పాడైతే పగలగొట్టాలి, మళ్ళీ పోయాలి, వానలు ముదిరాయి, ఇక దసరా తర్వాతే. అప్పటికి మీ బావ ఆ కుర్చీకే అలవాటుపడిపోతారు. అప్పటికే దాదాపు పడిపోయారు. దేవుడా, ఏది చేసినా నేను తప్పే చేస్తున్నాను అనుకున్నాను. అంత పెద్ద మాట ఎప్పుడూ అనుకోలేదు నేను.

మీ బావ లోపలి నుంచి "ఏంది సుగుణా, టైమైతుంది, ఇంక ఈడనే ఉన్నవ్?" అన్నారు. చెప్పాను. తడుముకుంటూ వరండాలోకి వచ్చారు. తర్వాత "నన్ను కిందికి దింపు" అన్నారు.

"మీరేం చేస్తరు?"

"గా రాళ్ళు కడగాలె అంటున్నవ్ గద. ఎంత కడగాలెనో నీకేం తెలుస్తది? నాకు తెలుస్తది."

పది నెలల తర్వాత మెట్టు దిగారు. నా భుజం పట్టుకుని, ఒక్క మెట్టు. అంచున పీట వేశాను. పట్టా తీశాను. నేను మగ్గుతో నీళ్ళు పోస్తున్నాను, ఆయన బ్రష్షుతో రుద్ది, వేళ్ళతో తడిమి చూస్తున్నారు. నీకు గుర్తుందా, ప్రెస్సులో అచ్చు అక్షరాలను చూడకుండా వేలితో తడిమి ఏది ఎత్తుగా ఉందో, ఏది అరిగిందో చెప్పేవారు. అదే వేలు. "ఇంక జర పొయ్యి." "ఆపు, ఆపు, ఇగ చాలు, రాయి కదుల్తది." "ఈడ అయింది, జరుగు." నేను చూస్తే అంతా ఒకేలా బూడిదరంగు బురద. ఆయన వేలు వెళ్ళినచోటల్లా కిందనుంచి రాళ్ళు వస్తున్నాయి. ఎర్రవి, నల్లవి, పాలరంగువి. నువ్వు ఏరిన రాళ్ళు రూఫస్.

చర్చి గంట వినబడింది. ఇద్దరం విన్నాం. ఆయన ఆగలేదు, నేనూ ఆగలేదు.

ఎనిమిదిన్నరకల్లా పద్నాలుగు అడుగులు అయ్యాయి. చివరి మూడడుగులు బిగుసుకుపోయాయి, ఎంత రుద్దినా రాయి రాలేదు. ఆయన గోళ్ళలోంచి రక్తం వచ్చింది, అప్పుడు నేనే బ్రష్షు లాక్కున్నాను. తెల్లచీర నిండా సిమెంటు. సంస్కారం తీసుకోని ఆదివారం నా జీవితంలో అదొక్కటే, ఒంట్లో బాగోలేనివి తప్ప.

సోమవారం అంజన్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, నాకు తెల్వకపాయె. గా మూడు అడుగులు పలగ్గొట్టి మళ్ళ వోస్త, పైసల్ అడగ" అన్నాడు. మీ బావ వద్దన్నారు. "కాలికి నున్నగ తగిల్తే గేటు వచ్చిందని తెలుస్తది. ఉండనియ్యి." పాలిష్ లేని సిమెంటే గనక అది కూడా జారదు.

నీ ప్రశ్నకు జవాబు, ఔను, నడుస్తున్నారు. నేను చూసినప్పుడల్లా గోడ పక్కగా, కొంచెం దూరం. గేటుదాకా ఒంటరిగా వెళ్ళడం నేనింకా చూడలేదు. నేను వాకిట్లో ఉంటే వెళ్ళరు. నేను చూస్తుంటే సిగ్గు అనుకుంటాను.

నువ్వు భానుతేజను మందలించానని రాసిన ఉత్తరం అదే. చక్కెర నీళ్ళు, పదహారు గంటలు, నాన్న తాపీ బోర్లించడం, అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. అందుకే ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయాను. తమ్ముడిగా కాదు, సంఘపెద్దగా చెప్పు. నేను చేసింది తప్పా? తప్పంటే ఒప్పుకుంటాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. ఈ రెండూ ఎట్లా కుదురుతాయో నాకు తెలియడం లేదు.

మీ అక్క

* * *

మెదక్,
18 ఆగస్టు 2025

అక్కకు,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా పదిహేనో తారీఖున జెస్విన్‌ను తీసుకుని వచ్చేశాను. వచ్చి అన్నం తిని, బండలు చూసి, దారి చూసి, జాయింటు ఒకచోట సరిగ్గా లేదని చెప్పి వెళ్ళిపోయాను. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేదు. బావ పక్కనే ఉన్నాడు, పైగా నాకు వినపడదు గనక ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకు తెలియదు. ఊరంతా వింటుంది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక భానుతేజ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఆదివారం ఎందుకు రంగులు వేయించావని మొదటిసారి అడగనే లేదు, తీర్పు మాత్రం చెప్పి వచ్చాను. ఈసారి అడిగాను. కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆయన తల్లి దవాఖానలో ఉందట, చివరి రోజులు. ఇంటికి తీసుకుపొమ్మన్నారట. రంగులు ఊడి చెమ్మ పట్టిన గదిలో ఆమెను పడుకోబెట్టలేక ఆ ఒక్కరోజులో సున్నం కొట్టించాడు. సోమవారం తీసుకొచ్చాడు. ఇదంతా నేను మందలించినప్పుడు ఆయన నోటి దగ్గరే ఉంది, తలొంచుకుని విన్నాడే గాని చెప్పలేదు. నేను క్షమించమని అడిగాను. ఆయనే నాకు టీ ఇచ్చాడు.

కాబట్టి సంఘపెద్దగా నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు అక్కా. నీ రెండు మాటలూ ఎట్లా కుదురుతాయో నాకూ తెలియదు. నేను చూసింది మాత్రం చెబుతాను. ఇది నువ్వు చూడలేదు.

ఆ రోజు జెస్విన్ నన్ను సందు మొదట్లో దింపి, బండి పెట్టడానికి అబిడ్స్ వైపు పోయాడు. నువ్వు పండ్లకని మొజంజాహీ మార్కెట్ వెళ్ళావట, తర్వాత తెలిసింది. నేను ఒక్కణ్ణే గేటు దగ్గరకు వచ్చి గొళ్ళెం కొట్టాను. చప్పుడైందో లేదో నాకు తెలియదు, మళ్ళీ కొట్టాను. వరండాలో బావ లేచి నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. ఎవరు అని అడిగి ఉంటాడు. నేను నా పేరు చెప్పాను, మరీ మెల్లగా చెప్పానేమో, ఆయనకు చేరలేదు.

అప్పుడు మెట్టు దిగాడు. ఏమీ పట్టుకోలేదు. నేను గేటు కమ్మీల మధ్య నుంచి చూస్తున్నాను. చెప్పులు లేవు. తల ఎత్తుకుని, చేతులు పక్కలకు వదిలేసి, పాదం పూర్తిగా ఆనించి ఒక్కో అడుగూ వేస్తున్నాడు. మధ్యలో ఒకసారి కుడికాలు పక్కనున్న మట్టి మీద పడింది. ఆగాడు. ఆయన తొందరపడలేదు. కాలు వెనక్కి తీసుకుని, రాయి మీద పెట్టి, మళ్ళీ నడిచాడు. నేను పరుగెత్తి పట్టుకోవాలనుకున్నాను, గేటు అడ్డంగా ఉంది. అది అడ్డంగా ఉండడం మంచిదైంది. నువ్వు మేలో రాసింది నాకు అప్పుడు అర్థమైంది. చేయి పట్టుకుని నడిపించమని నీకు సలహా ఇచ్చింది నేను.

నున్నటి చోటు కాలికి తగలగానే చేయి చాపాడు. గొళ్ళెం సరిగ్గా అందింది. తీసి నిలబడ్డాడు. ఆయనకు నా ముఖం కనబడదు, నాకు ఆయన గొంతు వినబడదు. ఏం చేయాలో తోచక నా చేయి ఆయన చేతిలో పెట్టాను. నా వేళ్ళు తడిమి చూశాడు. జల్లెడ పట్టీ పట్టీ అరచెయ్యంతా కాయలు కాసి ఉంది. ఆయన పెదాలు కదిలాయి, నా పేరు ఎవరి పెదాల మీదైనా నేను గుర్తుపట్టగలను. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనబడదు గనక ఆపుకోలేదు.

లోపలికి వెళ్ళడానికి ఆయన మోచేయి పట్టుకోబోయాను. మెల్లగా విడిపించుకున్నాడు. నన్ను రమ్మని చేత్తో సైగ చేసి, తానే ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. మెట్టు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నవ్వుతూ ఏదో చాలాసేపు చెప్పాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఔనౌనని తలూపాను, అది ఆయనకు కనబడలేదు.

ఏం చెప్పాడో కనుక్కుని రాయి.

నీ తమ్ముడు
రూఫస్